శాంపిలు

యార్డుకి వేసవి సెలవులిచ్చిన రెండో వారం.
బ్రాడీపేట, నాలుగు బై పద్నాలుగు,
మేడ మీద రేకుల గది.
కరెంటు పోయి అప్పటికే గంట.
"కోటయ్య బాబాయ్, అబద్ధమాడని నాలిక
ఊళ్లో నీదొక్కటే" అంటూ
గ్లాసు నా ముందు పెట్టింది సలోమి.

నవ్వొచ్చింది.
ముప్పై ఒక్క ఏళ్లుగా
తొడిమ తుంచి, కాయ విరిచి, గింజ రాల్చి
తేజా ఏదో, మూడు ముప్పై నాలుగు ఏదో
కళ్లు మూసుకుని చెప్పిన నాలికే, కాదనను.
ఇంట్లో మాత్రం
పప్పులో ఉప్పు మరిచిపోయినా పట్టుకోలేదు.
కావాలంటే మా ఆవిడని అడుగు.

కిటికీ వెలుగుకి ఎత్తి చూశాను, అలవాటు కొద్దీ.
ఎరుపు కాదు, పసుపూ కాదు.
కల్లంలో ఆరబోసిన కాయ మీద
పట్టా కప్పబోయే ముందు, పొద్దు వాలేవేళ
కాసేపు నిలబడుతుందే, ఆ రంగు.
యాంబర్ ఏల్ అంటారంది.
పేరుదేముంది, కాయని చూడాలి గానీ.

మొదటి గుక్క:
చల్లన. అంతే.
రోహిణి కార్తెలో రేకుల కింద కూచున్నవాడికి
చల్లగా ఉన్నది ఏం చెప్పినా నిజమే.
"ఆగు బాబాయ్, చలికి ముడుచుకుని ఉంది.
కాస్త వేడి తగలనీ."

వేడికేం కరువు.
గ్లాసుకి నాకంటే ముందే చెమట పట్టి
బల్ల మీద మడుగు కట్టింది.
కింద వీధిలో ముంజలవాడి కేక
మలుపు తిరిగి చిన్నదైపోయేదాకా
ఇద్దరం దాన్నే చూస్తూ కూచున్నాం.

రెండో గుక్కకి లేచింది.
ముందు, పెనం అంచున మాడిన అట్టు.
వెనకే పాకం.
సరిగ్గా కుదిరిన అరిసెల పాకం కాదు,
పొయ్యి మీంచి దించడం ఒక్క నిమిషం ఆలస్యమై
మా అమ్మ "అయ్యో" అనుకునే పాకం.
నారింజ తొక్క గిల్లితే కంట్లో పడే తుంపర.
ఆ తర్వాత చేదు.
కాకర చేదైతే ఎదురొచ్చి కొడుతుంది,
ఇది మెంతుల చేదు,
చెయ్యి కడుక్కున్నాక గుర్తొచ్చేది.

గింజా చలిదేశానిదే, పువ్వూ చలిదేశానిదే.
ఈస్టుకి ఇరవై డిగ్రీలు దాటితే అలకట.
ఏప్రిల్లో రెండు డ్రమ్ములు
మగ్గిన అరటిపండు కంపు కొట్టి కాలవలో పోసింది.
మూడో డ్రమ్ముకి తడి గోతాలు చుట్టి
రాత్రుళ్లు గంటకోసారి లేచి నీళ్లు చల్లిందట,
బాలింతలా కళ్ల కింద నలుపు.

గోతాలు.

మూడో గుక్క నోట్లోనే ఆపాను.
మింగాను.
పాకం వెళ్లిపోయింది, చేదూ వెళ్లిపోయింది,
అందరూ లేచిపోయిన అరుగు మీద
ఒకరు మాత్రం ఇంకా కూచున్నారు.
అంగిట్లో, సూదిమొనంత వెచ్చన.

"మూత ఎప్పుడు తీశావు?"
"ఒక్కసారే. ఏం?"
"మిరప."
"మిరపా!"
"తేజా అయితే ఈపాటికి దగ్గేవాణ్ణి.
ఇది మూడు ముప్పై నాలుగు. నిరుటి సరుకు,
కోల్డ్ స్టోరేజీలో పడుకుని లేచింది."

మార్చిలో దాని స్కూటీ వెనక
పన్నెండు ఖాళీ టిక్కీలు కట్టిచ్చింది నేనే.
దులపకుండా.

సలోమి మొహం తాలుకాయలా తెల్లబోయింది.
"పాడైందా, బాబాయ్?"
చేతిలో నోటుపుస్తకం, పెన్ను మూత పళ్ల మధ్య.
ఇలాంటప్పుడు యార్డులో నేను
చీటీ మీద రేటు రాసి పక్కకి తిరుగుతాను.
రైతు మొహం చూడను.
చూస్తే అంకె మారుతుంది.

ఈసారి చూశాను.

గ్లాసు అడుగున గోరువెచ్చగా మిగిలింది
నాలుగో గుక్కకి,
ఇందాక చలిలో దాచుకున్నదంతా
అడక్కుండానే చెప్పేసింది.
ఫ్యాను ఒకసారి కిర్రుమని తిరగడం మొదలెట్టింది.
చల్లటిది పోస్తానని లేవబోతే
గ్లాసు మీద చెయ్యి అడ్డం పెట్టాను.

"అయితే ఈసారి గోతాలు దులిపి చుట్టనా?"

పన్నెండు కదా.
పదకొండు దులుపు, అన్నాను.