ఏడో నంబరు బోయా

అడయారు చివర, వంతెన దాటాక,
నది ఉప్పు రుచి నేర్చుకునే చోట మా క్లబ్బు.
నేను గుమాస్తాని.
పడవకి నెలకింత అని
నీళ్ళ మీద అద్దె వసూలు చేసేదాన్ని.
నాకేమో సైదాపేటలో మేడ మీద రెండు గదులు,
కుళాయి రోజు విడిచి రోజు.

పద్దెనిమిది బోయాలు.
ఒక్కోదాని కింద బురదలో కూరుకున్న సిమెంటు దిమ్మ,
దిమ్మకి గొలుసు, గొలుసుకి మోకు,
మోకు చివర ఎవరిదో ఒక ఆదివారం.

వాటన్నిటికీ కాపరి ఏకాంబరం.
తడ దగ్గర పుట్టాడు. నాతో తెలుగు,
సెక్రటరీ గారితో అరవం,
గొలుసులతో ఏ భాషో నాకు తెలీదు,
మోకు కొస పళ్ళతో కరిచిపట్టి గొణుగుతాడు.
తెల్లారేసరికి గట్టు మీది నల్లబల్లపై
పోటెప్పుడో, ఆటెప్పుడో సుద్దతో రాస్తాడు.
సుద్ద తడిసిపోయిన రోజు వేలితో రాస్తాడు.

సభ్యులకి వేడినీళ్ళ స్నానపు గది ఉంది.
తెరచాపలు ఆరేసే కొట్టం ఉంది.
పాచి పట్టిన ర్యాంపు మీద ప్రతి సీజనూ ఒకరు జారతారు,
ప్రతి సీజనూ నేను ఒక క్షమాపణ టైపు చేస్తాను.
ఏకాంబరం కొట్టం వెనక బకెట్టుతో పోసుకుంటాడు,
ఒంటి మీది ఉప్పు పూర్తిగా పోనివ్వడు.

ఏడో నంబరు పడవ పేరులో సగం అక్షరాలు ఊడిపోయాయి.
చెంగల్వరాయన్ గారిది. పద్నాలుగు నెలల బాకీ.
నా ఉత్తరాలు నాకే తిరిగొస్తున్నాయి,
"ఇక్కడ లేరు" అని పోస్ట్‌మేన్ చేతిరాతతో.
అయినా కార్తీకం వానలకి
సగానికి కోసిన నూనె డబ్బా పట్టుకుని
దాంట్లో నీళ్ళు తోడుతూనే ఉన్నాడు.
"వాళ్ళు డబ్బు కట్టలేదు ఏకాంబరం" అన్నాను.
"వానకి తెలీదు గదమ్మా" అన్నాడు.

మార్చి చివర్లో మొగ పూడిపోయింది.
సముద్రం తన ఇసుకతో తానే తలుపేసుకుంది.
ఆటు లేదు, పోటు లేదు,
నల్లబల్ల తుడిచి వదిలేశాడు.
పడవలు తలో దిక్కూ చూస్తూ నిలబడ్డాయి,
బస్సు రద్దయిందని ఎవరూ చెప్పని జనంలా.
ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకుని ఒక సభ్యుడు అడిగాడు:
"కదలని నీటికి కూడా అదే అద్దెనా?"
నిబంధనల పుస్తకం రెండుసార్లు తిరగేశాను.

పంతొమ్మిదో రోజు పొక్లెయిన్ వచ్చింది.
అమావాస్య. అర్ధరాత్రి దాటాక, సముద్రం బాగా దిగాక కోస్తారట.
"ఉండమ్మా, చూద్దువుగాని" అన్నాడు.
ఉన్నాను. దోమలు.
రెండు దాటాక కూడా ఏమీ లేదు.
తర్వాత ఎక్కడో ఒక గొలుసు గొంతు సవరించుకుంది.
తర్వాత ఇంకోటి.
చీకట్లో పడవలు మెల్లగా తిరిగాయి,
సముద్రానికి వీపు పెట్టి
ఎగువకి, సైదాపేటకి, మా మేడ వైపుకి.
అన్నీ.

ఏడో నంబరు తిరగలేదు.
గొలుసుకి నత్తగుల్లలు పట్టేశాయన్నాడు.
చిన్న తెడ్డు పడవలో వెళ్ళి, బోయా మీద కాలు వేసి తొక్కాడు,
ఒకటి, రెండు, ఏదో తిట్టి మళ్ళీ ఒకటి.
అప్పుడు తిరిగింది,
పిలిచింది తననేనా అని ఆగి ఆగి వెనక్కి చూసే మనిషిలా.

పొద్దున్నే వేలం నోటీసు అంటించాలి.
నేనే టైపు చేశాను. నాలుగు గుండుసూదులు తెచ్చుకున్నాను.
నోటీసులకి గట్టు మీద ఉన్నది ఆ నల్లబల్ల ఒక్కటే.
దాని మీద ఈ మూలనుంచి ఆ మూలదాకా
పదిహేను రోజుల ఆటుపోట్లు ఒకేసారి రాసిపెట్టాడు,
సూది గుచ్చడానికి చోటు లేకుండా.

చేతికి సుద్ద అంటుకుంది.
కాగితం మడిచి రసీదుల పుస్తకంలో పెట్టాను.
శుక్రవారం కమిటీ అడుగుతుంది.
పోటు ఎనిమిదీ నలభైకి.