తరుగు పోను

కాన్సాస్‌లో జూన్ అంటే గోధుమ దుమ్ము.
కనుబొమ్మల్లో, కాఫీలో, రశీదు పుస్తకం కుట్టులో.
ఎలివేటర్ పక్కన కాటా గది నాది,
పంతొమ్మిదో ఏడు ఇది.
లారీ ఎక్కుతుంది, నిండు బరువు రాస్తాను.
గింజ దింపి వస్తుంది, ఖాళీ బరువు రాస్తాను.
మధ్యలో మిగిలింది రైతుది,
తేమకూ తాలుకూ తరుగు తీశాక.

రాత్రి పదిన్నర. ఉంగర్ వాళ్ళ లారీ ఇంకా పొలంలోనే ఉంది.
బల్ల మీద రెండు కాగితాలు:
ఒకటి అయిదువందల కంపెనీల ఫండ్,
ఒకటి మొత్తం మార్కెట్‌ది.
రెండూ దేశవాళీవే. రెండింటికీ తరుగు ఒకటే,
పదివేల డాలర్లకు ఏడాదికి మూడు.
ఈ కాటా మీద అంత తక్కువ తరుగు
నేనెవరికీ వేయలేదు,
మా అన్నకు కూడా.

"అయిదువందలు చాలు" అంటాడు మా అన్న లెరాయ్,
"బరువంతా అక్కడే. మిగతా వేలన్నీ పొట్టు."
నిజమే. నూటికి ఎనభై పాళ్ళు దాటి అక్కడే ఉంది.
ఫోన్లో ప్లాన్ కుర్రాడూ అదే అన్నాడు:
రెండు గీతలూ ఒకదాని మీద ఒకటి పడుకుని ఉంటాయి మేడమ్,
ఏదైనా పర్లేదు.
ఏదైనా పర్లేదన్నప్పుడు
తేల్చుకోవడం ఎంత కష్టమో
ఆ కుర్రాడికి తెలీదు.

అన్నం పట్టి చూడ్డానికి ఒక్క మెతుకు చాలునేమో.
లారీకి చాలదు.
పైన బంగారంలాంటి గింజ పోసి
అడుగున తడిసింది దాచినవాళ్ళను చూశాను.
అందుకే గొట్టం అయిదారు చోట్ల గుచ్చుతాను,
అడుగు తగిలే దాకా.

రెండువేల ఎనిమిదిలో నా కాగితం సగమైంది.
వడగళ్ళు కొట్టిన చేను మళ్ళీ లేవదు,
అదే లెక్కనుకుని అమ్మేశాను.
అది లేచింది.
నేను లేని చేను.

"మన గింజ ఓడెక్కి నైజీరియా పోతుంది కదా వెర్నా,
డబ్బొక్కటీ గడప దాటదా?" అని అడిగాడు డెల్,
ఎడం చేత్తో బూటు తాడు విప్పుకుంటూ.
జవాబు తట్టలేదు.
ఆ ప్రశ్నను వచ్చే ఏడాదికి గాదెలో పోశాను.

కంపెనీల జాబితా లైబ్రరీలో అచ్చు వేయించుకున్నాను,
పేజీకి పది సెంట్లు, అరవై ఒక్క పేజీలు.
"ఇదంతా చదువుతావా?" అంది కౌంటర్లో మిసెస్ ఓటవే.
చదివాను. బరువైనవి ముందు, తేలికవి వెనక.
నలభై మూడో పేజీలో
పంపుల కంపెనీకీ పళ్ళ ఆసుపత్రులకీ మధ్య ఇరుక్కుని
కోల్‌బెక్ ఆగర్స్.

డెల్ కుడిచేతి రెండు వేళ్ళు
వాళ్ళ మూడో షెడ్డులో పోయాయి, తొంభై ఆరులో.
ఒక చెక్కు పంపారు, క్రిస్మస్‌కి ఒక హ్యామ్.
జాబితాలో పేరు పక్కన వాళ్ళ వాటా:
సున్నా దశాంశం సున్నా సున్నా.

నా కాటా కూడా ఇరవై పౌన్ల లోపు దేన్నీ చూడదు.
పిల్లి వచ్చి దాని మీద పడుకున్నా సున్నాయే.
రెండు వేళ్ళు ఎంతని?

అయిదువందల్లో కోల్‌బెక్ లేదు.
అటు టిక్కు పెడితే వాళ్ళకీ నాకూ చెల్లు.
కలం ముందు అటే వెళ్ళింది, ఒప్పుకుంటాను.
గడి అంచు దాకా వెళ్ళి ఆగింది.
ఇన్నేళ్ళుగా ఆ షెడ్డు లోంచి లాభం
ఎవరో ఒకరి ఇంటికి పోతూనే ఉంది,
ఈ చేతి వేళ్ళు కూడా అందులో ఉన్నాయి.
సున్నా దశాంశం సున్నా సున్నా.
ఎంతైతే అంత,
తరుగు పోను
అది మా ఇంటికి రావాలి.

మొత్తం అని రాసి ఉన్న గడిలో టిక్కు పెట్టాను.
డెల్‌కి ఇంకా చెప్పలేదు.

కంకర రోడ్డు మీద హెడ్‌లైట్లు మలుపు తిరిగాయి.
కాగితాల మీద కాఫీ కప్పు పెట్టి
బయటికెళ్ళి
కాటా మీది పిల్లిని అదిలించాను.