వల అనగా

బిల్లొచ్చిందంటే
"ఎంత కట్టాలి?" అనడిగింది వీరమణి.
కరెంటుది కాదమ్మా, ఢిల్లీది.
"ఢిల్లీకి మనమేం బాకీ?"

మురమళ్ళ సెంటర్లో నా జిరాక్స్ షాపు,
పైన రేకు, కింద ఇన్వర్టరు,
మధ్యలో నలభై రెండు పేజీల ముసాయిదా,
సంఘం సెక్రటరీ త్రిమూర్తులు ఫోన్లో పంపింది.
పేజీకి రెండు రూపాయలు.
చదివి తెలుగు చేసినందుకు ఏమీ లేదు.

మొదటి పేజీలో చేపల బిల్లు పేరు.
రెండో పేజీ నుంచీ అంతా అనగా.
పడవ అనగా. తీరం అనగా.
మత్స్యకారుడు అనగా.
ఆ డు దగ్గర కాసేపు ఆగాను.
బల్ల ముందు నిలబడ్డ పదకొండు మందిలో
డు ఒక్కడే, త్రిమూర్తులు,
ఆయన వల పట్టి పదేళ్ళయింది.

వల అనగా, అని చదివాను,
నూలు గానీ నైలాను గానీ మరే ఇతర పదార్థం గానీ,
కన్ను ఇన్ని మిల్లీమీటర్లకు తగ్గరాదు.
తగ్గినచో జప్తు, జరిమానా,
రెండోసారి అయితే...
అక్కడ నా గొంతే తగ్గింది.

వీరమణి కొంగు రెండు వేళ్ళ మీద పరిచి
ట్యూబులైటుకి పట్టి చూసింది.
"చీర కన్నెంత బాబూ?"

ఎవరూ నవ్వలేదు.
దసరా వెళ్ళి తూర్పుగాలి తిరిగాక
గౌతమి ఒడ్డు వెంట, దారప్పోగంత సన్నగా
చీరమేను పైకెక్కుతుంది.
పాత చీర చెరో కొసా పట్టుకుని
ఇద్దరు ఆడవాళ్ళు నడుంలోతు దిగితే
ఆ పూటకి బియ్యం, ఫోను రీచార్జి,
అదృష్టం బాగుంటే చీటీ డబ్బులు.
పడవకి నంబరుంది, వలకి లైసెన్సుంది.
చీరకేముంది, అంచు.

"పిల్లల్నే పడతన్నాం, నిజవే" అంది లోవమ్మ,
"మా అత్త బిందెతో తెచ్చేది, నేను గ్లాసుతో తెత్తన్నాను.
వొద్దంటే వొద్దని వొచ్చి చెప్పాల గానీ
చీరని వలంటే ఎలాగండీ?"
చెరువుల మురుగు అర్ధరాత్రి కాలవలోకి వదిలేవాళ్ళు
ఏ పేజీలో ఉన్నారని వెనకనుంచి ఇంకో గొంతు.
తిప్పాను. మళ్ళీ వెనక్కి తిప్పాను.
ముప్పై ఒకటో పేజీలో ఇతరములు ఉన్నాయి.

అభ్యంతరాలకి గడువు శుక్రవారం.
"గౌరవనీయులైన" దగ్గర అందరూ సరే అన్నారు.
"సవినయంగా" దగ్గర లోవమ్మ ఒప్పుకోలేదు, కొట్టేశాను.
ఏం కోరుతున్నారంటే
ఒకామె చీరని వదిలెయ్యమంది,
ఒకామె ఆ రెండు నెలలూ మానేస్తాం, బియ్యమిమ్మనమంది,
వీరమణి ఆ డు తీసెయ్యమంది.
మూడూ పెట్టాను, అంకెలు వెయ్యకుండా.
ఏది ముందో నాకు తెలిస్తే గదా.

రేవులో పాట చూశాను, గొంతున్నవాడిదే చేప.
అక్కడా అంతే, టీవీలో చూశాం,
అవునన్నవాళ్ళు అవుననండి, కాదన్నవాళ్ళు కాదనండి,
మూజువాణి. దానికెంత అందమైన పేరు.
పాటలో నయం,
మూడోసారి అనేముందు పాటగాడు మొహాలు చూస్తాడు.

"పంపితే చదువుతారా?" అనడిగారు.
బుట్టదాఖలు అనే మాట నోటిదాకా వచ్చి ఆగింది.
బుట్టంటే వాళ్ళకి
నిండితే ఇంటికొచ్చేది.

శుక్రవారం సర్వరు తిరుగుతూనే ఉంది.
రాత్రి పదకొండు దాటాక వెళ్ళింది,
వెళ్ళిందనే అనుకుంటున్నాను.
బిల్లు ఇంకా సభలోనే ఉందట.

నిన్న వీరమణి టైపింగు డబ్బులకి బదులు
స్టీలు గ్లాసు తెచ్చి బల్ల మీద పెట్టింది.
గ్లాసు అడుగు తడి మూడో పేజీ మీద గుండ్రంగా దిగింది.
ఒకటి అంచు దాటి జారిపడింది, గాజుముక్కలా,
దాని ఒంట్లోంచి అక్షరాలు కనిపిస్తున్నాయి.
వల అనగా, ఆ తర్వాత
రెండు నల్లచుక్కలు, కళ్ళు.

సొరుగులో స్కేలుంది. చెయ్యి అటే వెళ్ళింది.
"ఏటి చూత్తన్నావు" అంది వీరమణి,
"చింతకాయేసి వండుకో.
గ్లాసు రేపిద్దువు గాని."