వంకర వేలు

కోరంగి రేవులో ఇప్పుడు
ఉప్పు పడవలకి చాపలు కుడతాను.
సూది మాత్రం అప్పటిదే.

మూడు కొయ్యల యుద్ధనౌక అది.
పై కొయ్య మీంచి చూస్తే
సరంగు తలపాగా రేగిపండంత.
గాలి రేగిన రాత్రి చాప చుట్టడానికి
నన్నూ ఒల్లంగి ఎర్రయ్యనీ పైకి తోలేవారు.
కాళ్ళ కింద తాడు,
తాడు కింద చీకటి,
చీకట్లో ఈనలేని గేదెలా రొప్పే సముద్రం.

శత్రువుని నేనెప్పుడూ చూడలేదు.
మా ఫిరంగే ఒకటి కట్లు తెంచుకుని దొర్లింది.
వంతు దిగిన ఎర్రయ్య
కింది అరలో నిద్రపోతున్నాడు.

పాత చాపలోనే చుట్టాం.
కాళ్ళ దగ్గర రెండు ఇనప గుళ్ళు.
ఆఖరి కుట్టు నాది.
గట్టిగా లాగి,
నొప్పెడుతుందేమోనని కాస్త వదులు చేశాను.

పాటు వేళ
మడవేళ్ళ మధ్య పీతలు పడుతూ
అడిగింది వాళ్ళావిడ కాసులమ్మ:
"ఎటేపు?"

చెయ్యెత్తాను.
పదకొండేళ్ళు తాడు పట్టిన వేళ్ళు
అన్నం ఒలకనివ్వవు గానీ
తిన్నగా సాగవు.
మొగ వైపు చూపించబోయిన వేలు
వంగి నా రొమ్ము వైపే తిరిగింది.

ఆమె అటే చూసింది, చాలాసేపు.
బుట్టలో పీతలు
ఒకదాన్నొకటి గీరుకుంటున్న చప్పుడు.