సంచి నీడలో ఉందనుకుందాం

సొహార్‌లో జూన్ నెల.
పన్నెండున్నరకి సైరన్ మోగితే
సుత్తులు ఎక్కడివక్కడే ఆగిపోతాయి.
మూడున్నర దాకా సైటంతా ఎండది,
మాది స్టోర్ రూము వెనక నాలుగడుగుల నీడ.

భూమేశ్ హెల్మెట్ బోర్లించి
దాని మీద పుస్తకం పెడతాడు.
స్కాఫోల్డింగ్ చేతులు, ఓపెన్ స్కూలు పదో తరగతి,
పేజీకో వేలిముద్ర.
నేను స్టోర్ కీపర్ని.
ఒకప్పుడు మెట్‌పల్లిలో ట్యూషన్లు చెప్పానని
ఇక్కడ తెలిసింది వాడొక్కడికే.
ఇంకా అదే నా పని అన్నట్టు సార్ అంటాడు.

"సంచిలో మూడు ఎర్ర బంతులు, ఐదు నల్ల బంతులు.
ఒకటి తీస్తే ఎర్రది వచ్చే సంభావ్యత ఎంత?"

మూడు బై ఎనిమిది.
ఇరవై ఏళ్ళు నా నోట్లో నలిగిన జవాబు.

వాడు రాసుకోలేదు.
"సార్, సంచి ఏడున్నది?"
ఎక్కడుంటే ఏంటి?
"ఎండల ఉంటే నల్లది కాలుతది సార్.
పైపులు మోసెటోన్ని, నాకెర్క.
కండ్లు మూస్కొని ఎన్నిసార్లన్న ఎర్రదే తీస్త."

నవ్వాను. నవ్వు సగంలో ఆగింది.
ఈ లెక్క రాసినాయన
ఏ చల్లని గదిలో కూచున్నాడో గాని
ఒకే సైజు, ఒకే బరువు, ఒకే వేడి,
చెయ్యి గుడ్డిదని, సంచి మందమని
ఇన్ని మాటలు మింగి ఒక్క ప్రశ్న ఉమ్మాడు.
నేనూ పిల్లల చేత మింగించాను.
అడిగినవాడు ఒకడుండేవాడు, పేరు గుర్తు లేదు,
అతి తెలివని బెంచీ ఎక్కించాను.

"మరి ఏం రాయాలె?"
ముందు ఒక గీత గియ్యి. గీత పైన రాయి:
సంచి నీడలో ఉందనుకుందాం.
ప్రతి బంతికీ సమానంగా అవకాశం ఉందనుకుందాం.
ఆ తర్వాతే, గీత కింద, మూడు బై ఎనిమిది.

"అనుకోకుంటే?"
అనుకోకపోతే లెక్కే లేదు భూమేశ్.
అనుకున్నది చెప్పకపోతే
అది లెక్క కాదు, దబాయింపు.

రెండో లెక్క. ఒకటి తీశాక ఇంకోటి, రెండూ ఎర్రవే కావాలి.
"తీసింది మళ్ళ ఏస్తరా, ఏయరా?"
పుస్తకం చెప్పలేదు.
వేస్తే తొమ్మిది బై అరవై నాలుగు.
వెయ్యకపోతే మూడు బై ఇరవై ఎనిమిది.
రెండూ రాయించాను.
మా గదిలో ఏడో నంబరు మంచం
మార్చి నుంచి ఖాళీ.
ఆ మాట వాడెత్తలేదు, నేనూ ఎత్తలేదు.

గురువారం రాత్రి లీవుల డ్రా.
పండక్కి టికెట్లు రెండే, మేం పద్నాలుగు మందిమి.
చీటీలు రాసింది నేను,
పసుపు హెల్మెట్లో వేసి ఊపింది షఫీకుల్.
ఏడింట ఒక వంతని
అందరికీ నోటికొచ్చేసింది.
చెయ్యి లోపలికి దిగబోతుంటే
భూమేశ్ మణికట్టు పట్టుకున్నాడు.

"అందరి చీటీలు ఉన్నయని ఎవలు చెప్పిన్రు?"

కోపం వచ్చింది నాకు, అదే ఆ బెంచీ నాటి కోపం.
చాప మీద పరిచాం.
ఒక్కొక్కటీ విప్పి కూడబలుక్కుని చదివాడు,
టేక్ బహదూర్, ముత్తెన్న, థంపి, నడ్పి గంగారాం...
పదమూడు.

మళ్ళీ లెక్కపెట్టాం. పదమూడే.
లేని పేరు నాది.

మర్చిపోయానన్నాను.
మరుపు కాదని చేతికి తెలుసు.
పేర్లు రాసేవాడు పేర్లలో ఉండడని
ఎప్పుడో అనుకున్నాను,
ఏ గీత పైనా రాయకుండా.

ఎందుకని వాడు అడగలేదు.
నోటుపుస్తకం అంచు చింపి
పెన్నుతో సహా నా చేతిలో పెట్టాడు.
రెండు బై పదమూడు నుంచి
రెండు బై పద్నాలుగుకి
పదమూడు మందీ ఇంతింత కిందికి దిగి
నాకు చోటిచ్చారు.
ఒక్కడూ గొణగలేదు.

చాలా రోజుల తర్వాత నా పేరు రాశాను.
అక్షరాలు కాస్త వంకరపోయాయి.

"అన్నిటి తీర్గనే మడువుండ్రి సార్," అన్నాడు భూమేశ్,
"మందమైతే ఏలుకు దొరుకుతది."