ఒక్క చప్పట

మూడు కెమెరాలు, మూడు గడియారాలు.
ఓదెలుది ఏడూ పన్నెండు అంటది.
డాబా మీది యాకయ్యది ఏడూ తొమ్మిది.
అద్దెకు తెచ్చిన మూడోదానికి
లోపలి సెల్లు ఎన్నడో సచ్చింది.
దాని లెక్కల ఇంకా రెండువేల ఎనిమిది, జనవరి ఒకటి,
అర్ధరాత్రి దాటి నాలుగు నిమిషాలు.

పద్మాక్షి గుట్ట కింద సద్దుల బతుకమ్మ మాత్రం
ఒక్కటే సాయంత్రం అయింది.

హన్మకొండ చౌరస్తా వెనుక గల్లీల
జిరాక్సు సెంటరు మీద నా మిక్సింగు గది.
ఫ్యాను చప్పుడు అడ్డమని బంద్ పెట్టి
అంగీ విప్పి కూసున్న.
మూడింటినీ ఒకదాని కింద ఒకటి పరిచి
సింక్ నొక్కిన.
కంప్యూటరు బొమ్మలు చూడది, చప్పుళ్లు చూస్తది.
ఇక్కడి గుట్టకు అక్కడి గుట్ట
ఇక్కడి లోయకు అక్కడి లోయ
కొలిచి, జరిపి, అయిపోయిందన్నది.

కాలేదు.
ఓదెలు దాంట్ల ఆడోళ్లు వంగుతున్నరు,
యాకయ్య దాంట్ల లేస్తున్నరు.
ఒక్క చప్పట తేడా.
నూరు మంది ఒక్కతీరుగ కొట్టే చప్పట్లల్ల
ఏది ఏదో పాపం దానికేమెరుక!
అన్ని గుట్టలూ ఒక్క ఎత్తే.
ఎట్ల జరిపినా అతుకుతది,
ఎట్ల అతికినా అబద్ధమే.

పెండ్లిళ్లల్ల ఈ తిప్పలు లేదు.
ఎవడో ఒకడు స్టీలు గ్లాసు కింద పడేస్తడు,
కుర్చీ ఇరుగుతది,
మంత్రం నడుమ అయ్యగారు తుమ్ముతడు.
గసోంటి వాటి మీదనే పన్నెండేండ్లు బతికిన.
ఇక్కడ ఎవ్వరూ తప్పు చేస్తలేరు.

రాత్రి రెండింటికి దొరికింది.
రెండు పెద్ద చప్పట్ల నడుమ
తుమ్మముల్లంత గీత.
మూడు ట్రాకులల్ల ఉన్నది.
ఎవరో ఒక్కరే కొట్టిన చప్పట.

బొమ్మ పెద్దగ చేసి దేవులాడిన.
ఆకుపచ్చ చీర, యాభై దాటినామె,
నోరు మెదుపుతలేదు.
బతుకమ్మ దిక్కు సుత చూస్తలేదు.
ఎదురుంగ ఉన్న పిల్ల చేతులనే చూస్తున్నది.
అవి కలిసినంక ఈమెవి కలుస్తున్నయి,
ప్రతిసారీ ఆరేడు ఫ్రేములు వెనుక.
అప్పుడే ఒక పొలగాడు
బుగ్గల గుత్తి పట్టుకొని అడ్డం ఉరికిండు.
చేతులు కనబడలేదు.
అంచనా మీద కొట్టింది,
అందరూ ఆగిన కాడ.

ఇంకా వెనక్కి పోయిన.
ఓదెలు ఒక్కడే తీస్తున్నప్పుడు
మైకు కీచుమన్నది.
అందరూ చెవులు మూసుకున్నరు.
ఆమె అందరి దిక్కు చూసి
అప్పుడు మూసుకున్నది.

హెడ్‌ఫోన్లు తీసి, సౌండు బంద్ పెట్టి
తెర మీది చేతులను చూసుకుంట నేను సుత కొట్టిన.
వెనుకబడ్డ.
మళ్ల కొట్టిన, మళ్ల వెనుకబడ్డ.
పక్క గదాయన గోడ మీద గుద్దిండు.

ఆ ముల్లు మీద గుర్తు పెట్టి
మూడింటినీ దానికి కట్టేసిన.
డాబా ముప్పై గజాల దూరం.
చప్పుడు నడిచి పోయేసరికి రెండు ఫ్రేములు పడ్తది.
ఆ రెండూ చేతితోని జరిపిన.
నూరు మంది ఒక్కసారి వంగిండ్రు,
మూడు దిక్కుల నుంచి
ఒక్కటే తంగేడు పసుపు.

పొద్దుగాల కాలనీ ప్రెసిడెంటు కనకమల్లు సారు వచ్చి
నిలబడే చూసిండు.
అంత మంచిగున్నది గని
నడుమల గా టప్పుమన్నదేంది, తీసెయ్ అన్నడు.
బాకీ నాలుగు వేలు ఆయన జేబుల ఉన్నయి.
తీసేసిన.
అది పోయినా ఏదీ ఇంచు కదలలేదు.

యాకయ్యకు ఫోన్ చేసిన.
వచ్చేయేడు మొదలుపెట్టేముందు క్లాప్ కొట్టుకోవాలె అంటే
మన దగ్గర క్లాప్ బోర్డు ఎక్కడిదన్నా అని నవ్విండు.
ఉన్నది, రాసుకో అన్న.
ఆకుపచ్చ చీర. కాకుంటే ఇంకో రంగు.
అందరివి కలిసినంక కలిసే చేతులు.
కెమెరా అటు దిక్కు పెట్టు.
పెట్టినంక దిగొచ్చి కిందనే నిలబడు,
ఆమె ముందలికెల్లి
ఎవ్వరినీ అడ్డం పోనియ్యకు.