పుర్రెకో బుద్ధి

ఫిబ్రవరి రెండో గురువారం.
గ్లేస్ బే గ్రంథాలయం నేలమాళిగలో
ఐదుగురం, ఆరు కుర్చీలు, దగ్గే హీటరు,
ఎవరూ ముట్టుకోని ఓట్స్ బిస్కెట్లు.
బయట సముద్రం మీద మంచుపలకలు
ఒకదానికొకటి ఒరుసుకుని
రాత్రంతా పళ్ళు కొరుకుతుంటాయి.

పని ఒకటే:
థాడియస్ క్రోల్ రాసిన పదకొండు భయాలను
వరసలో నిలబెట్టాలి.

"ఉప్పు మెట్లు ఒకటో నంబరు. చర్చే లేదు"
అని చర్చ మొదలుపెట్టింది మర్డీనా,
ఆసుపత్రిలో ముప్పయ్యేళ్ళు రాత్రి డ్యూటీ చేసిన మనిషి.
"మొదటి నలభై పేజీల్లో ఏమీ జరగదు.
ఏమీ జరగకపోవడం ఎంత భయమో
తెల్లవారుజామున మూడింటికి
నాలుగో వార్డులో కూర్చుని చూడండి."

వాసిల్ ఒప్పుకోడు.
అతనికి రక్తం కావాలి, పేజీకి కనీసం గ్లాసుడు.
రొట్టెల బట్టీ అతనిది.
అతను తిరిగిచ్చిన పుస్తకం దులిపితే
తెల్లగా చిన్న దెయ్యమొకటి లేస్తుంది.
"మూడో నాలుక తర్వాతే ఏదైనా."
"అందులో కుక్క చచ్చిపోతుంది" అంది కోరలీ.
"పదిహేడు మంది మనుషులూ చచ్చారుగా?"
"ఆ ఇంట్లోంచి పొమ్మని వాళ్ళకు
మొదటి అధ్యాయంలోనే చెప్పారు.
కుక్కకు ఎవరు చెప్పారు?"

పుర్రెకో బుద్ధి అంటారు గానీ
ఇక్కడ పుర్రెలు నాలుగు, జాబితాలు ఆరు.
నాకు ఓటు లేదు. నేను రాసేదాన్ని.

లియాండర్ బూద్రో ఆఖరున నోరు విప్పుతాడు.
సముద్రం అడుగున ఇరవయ్యేళ్ళు బొగ్గు తవ్వినవాడు.
"తెల్లారని మంగళవారం అట్టడుగున వెయ్యండి.
గనిలో చీకటి నల్లగా ఉందట!
దిగలేదు వాడెప్పుడూ.
కింద చీకటికి రంగుండదు.
చెయ్యి ముఖం ముందు పెట్టుకుని
ఉందని నమ్మాలంతే.
పైగా ఎలుకల్ని చూసి హడలిపోతారట అతని గనివాళ్ళు.
మేం రొట్టెముక్క దాచి వాటికి పెట్టేవాళ్ళం.
ఎలుక కనబడితే ధైర్యం.
కనబడని రోజే..."
అని బిస్కెట్టు అందుకున్నాడు.

దీనికి మాత్రం అందరూ చేతులెత్తారు.
"చచ్చినవాళ్ళు ఇంటికొస్తారు,
సూప్ తాగుతారు, వెళ్ళిపోతారు.
ఇదీ ఒక భయమేనా?" అంది మర్డీనా.
రాశాను: పదకొండు.

కంప్యూటరు వచ్చాక కూడా
పాత కార్డులు నేను పారెయ్యలేదు.
పదకొండోదాని కార్డు
నిండిపోతే మూడుసార్లు మార్చాను.
మర్డీనా, ఒకే నవంబరులో రెండుసార్లు.
కోరలీ, తల్లి పోయిన వారం.
వాసిల్ పేరు ఎక్కడా లేదు;
రెండొందల పద్నాలుగో పేజీలో
పిండి వేలిముద్ర ఉంది,
బల్ల మీద గిన్నెలు సర్దే చోట.

లియాండర్ ప్రతి ఏప్రిల్లో తీసుకెళ్తాడు.
పెన్సిలుతో దిద్దుతాడు.
"నల్లగా" కొట్టేశాడు. ఎలుకల పేజీ మొత్తం కొట్టేశాడు.
గని లిఫ్టు గంట ఎన్నిసార్లు మోగాలో
అంచున రాశాడు.
సూప్ దగ్గరికొచ్చేసరికి
ఒక్క గీత లేదు.
తలుపు తెరిచినవాళ్ళు
"ఆలస్యమైందే" అనే మాట కింద కూడా.

గ్రంథాలయం పుస్తకంలో గీతలు గీస్తే
పేజీకి పాతిక సెంట్లు జరిమానా.
ఇప్పటికి అతను నాకు
ఒక సెకండ్‌హ్యాండ్ కారు బాకీ.

ఎనిమిదింటికి జాబితా గోడకు అంటించాం.
ఉప్పు మెట్లు గెలిచింది, కుక్క ఒక్క ఓటుతో ఓడింది.
వాసిల్ అలిగి, మిగిలిన బిస్కెట్లు జేబులో పోసుకుని
అందరికంటే ముందు వెళ్ళాడు.

హీటరు ఆపాను. లైటు ఆపాను.
పైకి పద్నాలుగు మెట్లు,
లెక్కపెట్టుకుంటూనే ఎక్కాను,
కోటు లోపల పదకొండో నంబరును అదిమి పట్టుకుని.
దాని కార్డు మీద నా పేరు ఎన్నడూ రాసుకోలేదు.
ఈ ఉద్యోగంలో ఉన్న సుఖం
అదొక్కటే.